జెర్విస్ బేలో బీచ్ హౌస్ తీసుకుని నాలుగు రోజులు ఉండాలంటే: డేట్లు చూసుకోవడం నుంచి తాళం తిరిగి పెట్టేదాకా

సిడ్నీలో గానీ కాన్‌బెర్రాలో గానీ ఉండే మనవాళ్ళు సముద్రం పక్కన ఇల్లు తీసుకుని నాలుగు రోజులు ఉందామనుకుంటే ఎక్కువమంది నోట వచ్చే పేరు జెర్విస్ బే. సిడ్నీ నుంచి సౌత్‌కి కార్లో ఇంచుమించు మూడు గంటలు, కాన్‌బెర్రా నుంచి కూడా దాదాపు అంతే. తెల్లటి ఇసుక, బే లోపల కాబట్టి పెద్ద అలలు లేని నీళ్ళు, ఏడాది పొడవునా అక్కడే తిరిగే డాల్ఫిన్లు. ఇండియా నుంచి అమ్మానాన్నలు వచ్చినప్పుడు తీసుకెళ్ళడానికి నాకు తెలిసి ఇంతకన్నా మంచి చోటు లేదు.

కాకపోతే దీన్ని వైజాగ్ ట్రిప్పు లాగానో గోవా ట్రిప్పు లాగానో ప్లాన్ చేస్తే ఇబ్బంది పడతారు, ఎందుకంటే ఇవి నిజంగానే చిన్న ఊళ్ళు. హయమ్స్ బీచ్ అనే ఊరు మొత్తం కలిపి కొన్ని వీధులు, కేఫ్‌తో ఉన్న ఒక చిన్న స్టోరు, అంతే. పెట్రోల్ బంక్ లేదు, సూపర్ మార్కెట్ లేదు, రాత్రి పదింటికి పిల్లలకి ఆకలేస్తే ఆర్డర్ పెట్టుకోవడానికి ఏమీ ఉండదు. అందుకని సగం పని ఇంటి దగ్గరే అయిపోవాలి, అది సరిగ్గా చేసుకుంటే అక్కడికెళ్ళాక ఏ పనీ ఉండదు, హాయిగా కూర్చోవచ్చు. నేను చెప్పే వరసలోనే చేసుకుంటూ పోండి.

ముందు డేట్లు, తర్వాతే ఇల్లు

చాలామంది ముందు ఇల్లు చూసి ఇష్టపడి తర్వాత డేట్ల కోసం తంటాలు పడతారు, అలా వద్దు. న్యూ సౌత్ వేల్స్ స్కూల్ హాలిడేస్ క్యాలెండర్ తీసి పక్కన పెట్టుకోండి. డిసెంబర్ మూడో వారం నుంచి జనవరి చివరిదాకా పెద్ద సెలవులు, ఏప్రిల్లో రెండు వారాలు, జూలైలో రెండు వారాలు, సెప్టెంబర్ చివర నుంచి అక్టోబర్ మొదటిదాకా ఇంకో రెండు వారాలు. కాన్‌బెర్రా వాళ్ళ సెలవులు కూడా కొంచెం అటూ ఇటూగా ఇవే, వాళ్ళలో కూడా చాలామంది సముద్రం కోసం ఇటే వస్తారు కాబట్టి రెండు సిటీల జనం ఒకేసారి దిగుతారు. క్రిస్మస్ నుంచి ఆస్ట్రేలియా డే (జనవరి 26) దాకా అయితే రేట్లు మామూలు రోజులకి రెట్టింపు ఉన్నా ఆశ్చర్యపోవక్కర్లేదు, పైగా చాలా ఇళ్ళు కనీసం ఐదు రాత్రులో ఏడు రాత్రులో తీసుకోవాల్సిందే అంటాయి.

నన్నడిగితే ఫిబ్రవరి, మార్చి నెలలు బెస్ట్. స్కూళ్ళు తెరిచేసి ఉంటాయి, ఊళ్ళు ఖాళీ, కానీ నీళ్ళు మాత్రం ఏడాదిలోకెల్లా వెచ్చగా ఉండేది అప్పుడే, 22 డిగ్రీల చుట్టుపక్కల. సముద్రం ఎండాకాలం పోయాక కూడా కొన్నాళ్ళు ఆ వేడి పట్టుకుని ఉంటుంది, అక్టోబర్లో బయట ఎండ బాగున్నా నీళ్ళలో కాలు పెడితే ఝల్లుమనేది కూడా అందుకే. స్కూలుకెళ్ళే పిల్లలుంటే ఫిబ్రవరిలో వారం కుదరదు కదా అంటారు, అప్పుడు మార్చిలో ఒక శుక్రవారం సెలవు పెట్టి మూడు రాత్రులు వెళ్ళండి, జనవరిలో ఏడు రాత్రులు నలిగిపోయేకన్నా అదే నయం.

తిమింగలాల కోసమే వెళ్ళేటట్టయితే లెక్క వేరు. హంప్‌బ్యాక్ తిమింగలాలు మే నుంచి నవంబర్ దాకా ఈ తీరం వెంబడి తిరుగుతాయి, జూన్ జూలైల్లో పైకి వెళ్తూ, సెప్టెంబర్ నుంచి పిల్లల్ని వెంటేసుకుని కిందకి వస్తూ. పిల్లలతో వచ్చే తల్లులు బే లోపలికొచ్చి కాసేపు ఆగుతుంటాయి కాబట్టి చూడ్డానికి అక్టోబర్ బాగుంటుంది. చలికాలంలో ఇళ్ళు చవగ్గా దొరుకుతాయి, హీటర్ ఉందో లేదో మాత్రం అడిగి తీసుకోండి, బీచ్ హౌసులు చాలావరకు ఎండాకాలాన్ని మనసులో పెట్టుకుని కట్టినవి.

ఏ ఊరు తీసుకోవాలి

అందరూ హయమ్స్ బీచ్ అంటారు. తెల్ల ఇసుక ఫోటోలన్నీ అక్కడివే, ప్రపంచంలోకెల్లా తెల్లటి ఇసుక అని గిన్నిస్ రికార్డ్ ఉందని కూడా చెప్తుంటారు, అలాంటి రికార్డేమీ లేదు గానీ ఇసుక మాత్రం నిజంగా పంచదార తెలుపు, నడుస్తుంటే కిచకిచమంటుంది. సెలవుల్లో ఆ ఊరి పార్కింగ్ పొద్దున్నే నిండిపోతుంది, క్రిస్మస్, ఈస్టర్ టైములో అయితే ఊరి మొదట్లో మనుషుల్ని పెట్టి కార్లని వెనక్కి తిప్పి పంపేసిన సందర్భాలు ఉన్నాయి. ఆ ఊళ్ళోనే ఇల్లు తీసుకుంటే మీ కారు మీ ఇంటి ముందే ఉంటుంది, ఈ గొడవ ఉండదు, అక్కడ ఇంటికి ఎక్కువ డబ్బులు పెట్టడానికి అదొక్కటే గట్టి కారణం.

కానీ పెద్దవాళ్ళు, చిన్నపిల్లలు కలిసి ఉన్న ఫ్యామిలీ మొదటిసారి వెళ్తుంటే నేను హస్కిసన్ గానీ విన్సెంషియా గానీ తీసుకోమంటాను. హస్కిసన్‌లో నడిచి వెళ్ళేంత దూరంలో బేకరీ, హోటళ్ళు, డాల్ఫిన్ బోట్లు ఎక్కే జెట్టీ, పిల్లల పార్కు అన్నీ ఉంటాయి. విన్సెంషియాలో వూల్‌వర్త్స్ సూపర్ మార్కెట్ ఉంది, పాలూ పెరుగూ అయిపోతే ఐదు నిమిషాల పని. ఈ రెండు ఊళ్ళకీ మధ్యలో మూనా మూనా క్రీక్ అని ఒక చిన్న వాగు సముద్రంలో కలుస్తుంది, ఈ ఏరియాలో నాకు అన్నిటికన్నా ఇష్టమైన చోటు అదే. పాటు తీసినప్పుడు చాలాచోట్ల మోకాలి లోతు నీళ్ళు, కింద ఇసుక తెల్లగా కనిపిస్తూ ఉంటుంది, పిల్లలు చిన్న చిన్న చేపల వెంట పడుతుంటే పెద్దవాళ్ళు ఒడ్డున చెట్ల నీడలో కుర్చీ వేసుకుని అన్నీ చూడొచ్చు. ఒక్కటి గుర్తుంచుకోండి, పాటు తీసే టైములో నీరు వాగులోంచి సముద్రం వైపు లాగుతుంది, బ్రిడ్జి కింద ఆ లాగుడు బాగా తెలుస్తుంది, పిల్లల్ని అక్కడ ఒంటరిగా వదలకండి.

పూర్తిగా ప్రశాంతంగా ఉండాలి, మనుషులు కనపడకపోయినా పర్లేదు అనుకుంటే బేకి ఉత్తరం వైపు కలాలా బే, ఇంకా పైకెళ్తే కరరాంగ్ ఉన్నాయి. మ్యాపులో హస్కిసన్‌కి ఎదురుగా కనిపిస్తాయి గానీ రోడ్డు మీద చుట్టూ తిరిగి రావాలి, అది చూసి మోసపోకండి.

ఇల్లు చూసేటప్పుడు

ఫోటోల్లో మొదట డెక్ కనిపిస్తుంది, తర్వాత సముద్రం, తర్వాత తెల్లటి సోఫా. మీకు కావాల్సింది ఆ ఫోటోల్లో ఉండదు. ఇక్కడి బీచ్ హౌసుల్లో చాలావాటికి వ్యూ కోసం కిచెను, హాలు పైన పెట్టి పడగ్గదులు కింద కడతారు. అంటే మోకాళ్ళ నొప్పులున్న అమ్మ కాఫీ తాగాలన్నా మెట్లెక్కాలి, మందులేసుకోవాలన్నా ఎక్కాలి. కాబట్టి ఓనర్‌కి మెసేజ్ పెట్టి సూటిగా అడగండి: కారు దిగిన దగ్గర్నుంచి లోపలికి ఎన్ని మెట్లు, పడగ్గది, బాత్రూము, కిచెను ఒకే ఫ్లోర్ మీద ఉన్నాయా, షవర్ బాత్‌టబ్ లోపల ఉందా విడిగా ఉందా. బాత్‌టబ్ అంచు దాటి లోపలికి దిగి స్నానం చేయడం పెద్దవాళ్ళకి చాలా ప్రమాదం, ఇది ఎవరూ ఆలోచించరు.

"ఎనిమిది మంది పడతారు" అని రాస్తే అందులో ఇద్దరు హాల్లో సోఫా బెడ్ మీద అని అర్థం, ఇంకో ఇద్దరు పిల్లల బంక్ బెడ్ మీద. రెండు ఫ్యామిలీలు కలిసి వెళ్తుంటే బెడ్రూములు లెక్కపెట్టుకోండి, తలకాయలు కాదు. చంటిపిల్లలతో సహా మొత్తం ఎంతమందో నిజం చెప్పి బుక్ చేయండి. పదిమంది వెళ్ళి ఎనిమిది అని చెప్పడం, పగలు ఇంకో ఫ్యామిలీని రమ్మనడం ఇక్కడ కుదరదు, పక్కింటివాళ్ళు అక్కడ ఏడాదంతా ఉండేవాళ్ళు, చూస్తారు, చెప్తారు.

తర్వాత లినెన్. ఇది మనవాళ్ళకి తెలియక బాగా ఇరుక్కునే విషయం. హాలిడే హౌసుల్లో, ముఖ్యంగా లోకల్ రియల్ ఎస్టేట్ ఏజెంట్ల ద్వారా ఇచ్చేవాటిలో, మంచాలు, దిండ్లు, రజాయిలు ఉంటాయి గానీ దుప్పట్లు, దిండు గలేబులు, టవల్స్ ఉండకపోవచ్చు. "బీవైఓ లినెన్", అంటే అవి మీరే తెచ్చుకోవాలి అని కింద చిన్నగా రాసి ఉంటుంది. అలాగైతే ప్రతి మంచం సైజు అడిగి రాసుకోండి, లేదా డబ్బులు కట్టి అక్కడే ఏర్పాటు చేయించుకోండి.

న్యూ సౌత్ వేల్స్‌లో ఇలా తక్కువ రోజులకి అద్దెకిచ్చే ఇళ్ళు 2021 నవంబర్ నుంచి ప్రభుత్వ రిజిస్టర్‌లో ఉండాలి, ప్రతి ఇంటికీ పీఐడీ-ఎస్‌టీఆర్‌ఏ అని మొదలయ్యే నంబర్ ఉంటుంది. యాడ్‌లో ఆ నంబర్ కనపడకపోతే అడగండి. ఎయిర్‌బీఎన్‌బీ లాంటి బుకింగ్ సైట్లలో చూసి మాట్లాడుతుంటే మధ్యలో ఎవరైనా "బయట బ్యాంక్ ట్రాన్స్‌ఫర్ చేయండి, తగ్గిస్తాను" అంటే అక్కడితో మాటలు ఆపేయండి. డబ్బు పోతే ఆ సైటు వాళ్ళు ఏమీ చేయలేరు.

రేటు చూసేటప్పుడు ఒక రాత్రికి ఎంత అన్నది కాకుండా చివరి పేజీలో వచ్చే మొత్తం చూడండి, క్లీనింగ్ ఫీజు, సర్వీస్ ఫీజు, కొన్నిటికి బాండ్ (తర్వాత తిరిగిచ్చే డిపాజిట్) కూడా కలుస్తాయి. క్లీనింగ్ ఫీజు రెండు రాత్రులున్నా ఐదు రాత్రులున్నా అంతే కాబట్టి రెండు రాత్రులకి పెద్ద ఇల్లు తీసుకోవడం నష్టం. క్యాన్సిలేషన్ రూల్ ఒకటికి రెండుసార్లు చదవండి, పేరెంట్స్ వీసా ఇంకా రాకుండానే బుక్ చేసేవాళ్ళయితే మరీను.

వంట, సామాన్లు

ఇంట్లో కిచెన్ ఉంటుంది, ఓవెన్ ఉంటుంది, బయట డెక్ మీద గ్యాస్ బార్బెక్యూ ఉంటుంది. ప్రెషర్ కుక్కర్ ఉండదు. స్టవ్ ఇండక్షనో, గ్యాసో, మామూలు కరెంటుదో అడగండి, ఇండక్షన్ అయితే మన అల్యూమినియం కుక్కర్ పని చేయదు, కింద అయస్కాంతం అతుక్కునే స్టీల్ కుక్కర్ తీసుకెళ్ళాలి. ఎలక్ట్రిక్ రైస్ కుక్కర్ ఒకటి వేసుకుంటే సగం దిగులు పోతుంది. చాకులు మొండిగా ఉంటాయి, మీది ఒకటి పెట్టుకోండి. మీ సొంత కటింగ్ బోర్డు కూడా తప్పకుండా తీసుకెళ్ళండి, ఎందుకో చెప్తాను. ఈ ఇళ్ళల్లో కిచెన్ గట్టు తెల్ల రాయి, మన పసుపు అరచెంచా పడి రాత్రంతా ఉందంటే పొద్దున్నకి ఎంత తుడిచినా పోదు, బాండ్‌లోంచి కట్ చేస్తారు. పోపు డబ్బా కింద ఒక పాత న్యూస్‌పేపరో ట్రేనో వేసి అక్కడే వాడండి, ఎర్రటి ఆవకాయ నూనెకి కూడా అదే జాగ్రత్త.

పోపు వేసేముందు ఎగ్జాస్ట్ ఆన్ చేసి డెక్ తలుపు తీసి పెట్టండి. ఎండుమిరపకాయ ఘాటుకి స్మోక్ అలారం మోగిందంటే మధ్యాహ్నం నిద్రపోతున్న పిల్లలు, పెద్దవాళ్ళు అందరూ లేచి కూర్చుంటారు. అలారం బ్యాటరీ మాత్రం తీయొద్దు, దాని మీద గుడ్డ కప్పొద్దు, రాత్రి మీ అందర్నీ కాపాడేది అదే. చేపలు వేయించాలంటే బయట బార్బెక్యూ మీదో దాని పక్కనుండే బర్నర్ మీదో వేయించుకోండి, ఇంట్లో వాసన ఉండదు.

మన సరుకులు సిడ్నీలోనే కొనేయండి, వెంట్‌వర్త్‌విల్, పెండిల్ హిల్, హ్యారిస్ పార్క్ ఎక్కడైనా సరే. నేనైతే దోశ పిండి రెండు డబ్బాలు ఎస్కీలో, అంటే ఐస్ బాక్సులో, ఐస్ వేసి పెడతాను, కందిపప్పు, చింతపండు, కారప్పొడులు, పచ్చళ్ళు, మురుకులు, ఫిల్టర్ కాఫీ పొడి. పాలు, కూరగాయలు, చికెన్ లాంటివి విన్సెంషియాలో దొరుకుతాయి, వాటికి బరువు మోయక్కర్లేదు. మొదటి రాత్రికి మాత్రం వండే పని పెట్టుకోకండి, పులిహోర, పెరుగన్నం చేసి పట్టుకెళ్ళండి. ప్రయాణం చేసి వచ్చి కొత్త స్టవ్‌తో కుస్తీ పట్టే ఓపిక ఎవరికీ ఉండదు. తాజా చేపలు కావాలంటే గ్రీన్‌వెల్ పాయింట్ దాకా వెళ్ళి రావచ్చు, అక్కడ ఆయిస్టర్లు కూడా ప్రసిద్ధి. స్నాపర్ పులుసుకి చాలా బాగుంటుంది, ముక్క విరగదు.

బట్టల్లో పిల్లలకి చేతులు కప్పే స్విమ్మింగ్ చొక్కా, అంటే ఇక్కడ ర్యాషీ అంటారు, అందరికీ టోపీలు, ఎస్‌పీఎఫ్ 50 ప్లస్ సన్‌స్క్రీన్. మన ఒంటి రంగుకి అక్కర్లేదనుకోకండి. గాలి చల్లగా ఉన్నా, మబ్బు పట్టినా ఇక్కడి ఎండలో యూవీ ఎక్కువ, రెండు గంటలకోసారి మళ్ళీ రాసుకోవాలి. జనవరిలో అయినా సాయంత్రం గాలికి పెద్దవాళ్ళకి పల్చటి స్వెటర్ కావాలి.

దారిలో

శుక్రవారం మధ్యాహ్నం మూడు దాటాక సిడ్నీ నుంచి బయల్దేరారంటే మూడు గంటల దారి నాలుగున్నర అవుతుంది. పొద్దున్నే బయల్దేరండి, చెక్-ఇన్ ఎలాగూ మధ్యాహ్నం రెండు మూడింటి దాకా ఇవ్వరు కాబట్టి దారిలో ఆగుతూ వెళ్ళండి. హీత్‌కోట్ మీదుగా వెళ్తే హెలెన్స్‌బర్గ్‌లో శ్రీ వేంకటేశ్వర స్వామి గుడి దారిలోనే ఉంటుంది. 1985లో ప్రతిష్ఠ జరిగిన గుడి, శని ఆదివారాల్లో క్యాంటీన్‌లో దోశలు, పులిహోర దొరుకుతాయి, అమ్మానాన్నలున్నప్పుడు ఇక్కడ ఆగకుండా వెళ్ళే తెలుగు ఫ్యామిలీని నేను చూళ్ళేదు. వెస్ట్రన్ సిడ్నీ నుంచి పిక్టన్ రోడ్డు పట్టుకుంటే మాత్రం గుడి తగలదు, ముందే నిర్ణయించుకోండి. తర్వాత కియామాలో బ్లోహోల్ (అల కొడితే రాతి కన్నంలోంచి నీళ్ళు పైకి చిమ్మే చోటు), బెర్రీలో డోనట్ బండి. జెర్విస్ బే చేరేముందు తగిలే పెద్ద ఊరు నౌరా, అక్కడ పెట్రోల్ ట్యాంక్ నింపేసుకోండి.

పిల్లలకి ఏడేళ్ళు వచ్చేదాకా కార్లో చైల్డ్ సీట్ తప్పనిసరి, రెండు కార్లలో పిల్లల్ని అటూ ఇటూ మార్చేటప్పుడు సీటు కూడా మార్చాలి, ఐదు నిమిషాల దూరమే కదా అని ఒళ్ళో కూర్చోబెట్టుకోవద్దు. వీలైనంతవరకు చీకటి పడకముందే ఇల్లు చేరండి. సాయంత్రం సూర్యుడు దిగే టైములో, తెల్లవారుజామున కంగారూలు రోడ్డు మీదకొస్తాయి, నౌరా దాటాక అడవి రోడ్లలో స్పీడు తగ్గించండి. ఒకటి దాటిందంటే వెనక ఇంకోటి ఉంటుంది. కంగారూ అడ్డమొస్తే స్టీరింగ్ ఒక్కసారిగా తిప్పేయకుండా కారుని తిన్నగా ఉంచి బ్రేక్ వేయండి, చెట్టుకి కొట్టుకోవడం కన్నా అదే క్షేమం.

ట్రైన్లో రావచ్చా అని అడిగేవాళ్ళకి, సౌత్ కోస్ట్ లైన్ బొమడెరీ దాకానే, అక్కడి నుంచి బస్సులు తక్కువ, సామాన్లతో కార్లేకుండా ఈ ట్రిప్పు వద్దు.

ఇల్లు చేరగానే

తాళం కోసం మనిషి రాడు. గోడకో గేటుకో చిన్న కీ సేఫ్ ఉంటుంది, కోడ్ ఫోన్‌కి వస్తుంది. ఆ మెసేజ్ స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి, అక్కడ సిగ్నల్ అంతంత మాత్రం. మ్యాపులు కూడా ముందే డౌన్‌లోడ్ చేసి ఉంచుకోండి.

సామాన్లు దింపకముందే ఒకరు ఫోన్ పట్టుకుని ఇల్లంతా వీడియో తీయండి, ముఖ్యంగా కిచెన్ గట్టు, సోఫా, గోడలు, ముందునుంచే ఉన్న మరకలు, పగుళ్ళు. ఏదైనా పాడై ఉంటే అదే గంటలో ఏజెంట్‌కి ఫోటో పంపండి. మాకు తెలిసిన ఒక ఫ్యామిలీకి సోఫా మీద పాత మరకకి డబ్బులు కట్ చేయబోతే మొదటిరోజు తీసిన వీడియో చూపించాక వదిలేశారు.

టేబుల్ మీద ఒక ఫైల్ ఉంటుంది, వైఫై పాస్‌వర్డ్ చూసి మూసేయకుండా మొత్తం చదవండి. చెత్త డబ్బాలు ఏ రోజు రాత్రి రోడ్డు మీద పెట్టాలి, ఎర్ర మూతలో ఏమి, పసుపు మూతలో ఏమి, కార్లు ఎక్కడ పెట్టాలి అన్నీ అందులో ఉంటాయి. రాత్రి పది తర్వాత డెక్ మీద గట్టిగా మాట్లాడకూడదు, ఇది కూడా ఉంటుంది, దీన్ని గట్టిగా పట్టించుకోండి. మన నాలుగు ఫ్యామిలీలు కలిస్తే అంత్యాక్షరి, పేకాట, నవ్వులు మామూలే, అయితే ఆ ఊళ్ళో రాత్రి అలల చప్పుడు తప్ప ఏమీ ఉండదు కాబట్టి మన గొంతు నాలుగిళ్ళ అవతలకి వినిపిస్తుంది. లోపలికెళ్ళి తలుపులేసుకుని ఆడుకోండి. న్యూ సౌత్ వేల్స్‌లో దీనికి కోడ్ ఆఫ్ కండక్ట్ ఉంది, రెండేళ్ళలో రెండుసార్లు దాన్ని గట్టిగా ఉల్లంఘించినట్టు తేలితే ఐదేళ్ళపాటు ఇలాంటి ఇళ్ళు తీసుకోకుండా లిస్టులో పెడతారు, అది ఓనర్లకే కాదు అద్దెకి దిగే మనకీ వర్తిస్తుంది.

ఎండాకాలం వెళ్తే ఫోన్లో హజార్డ్స్ నియర్ మీ అనే, కార్చిచ్చు లాంటి ప్రమాదాల హెచ్చరికలు వచ్చే యాప్ వేసుకోండి. ఈ ఊళ్ళ చుట్టూ అడవి, హయమ్స్ బీచ్ లాంటి చోటికి వచ్చే దారీ పోయే దారీ ఒకటే. 2019 నవంబర్లో మొదలైన కర్రోవన్ అనే కార్చిచ్చు ఈ ఊళ్ళుండే షోల్‌హేవెన్ ఏరియాలో వారాల తరబడి కాలింది, 2020 జనవరి మొదట్లో సౌత్ కోస్ట్‌లో ఉన్న టూరిస్టుల్ని వెళ్ళిపొమ్మని చెప్పారు. ఆ యాప్‌లో మీ ఏరియాకి వెళ్ళిపొమ్మని వస్తే కట్టిన డబ్బు గురించి ఆలోచించకుండా బయల్దేరిపోండి.

నీళ్ళ దగ్గర

ఇక్కడ మాత్రం తొందర పడకుండా చదవండి. మన తరంలో ఈత రానివాళ్ళే ఎక్కువ, వచ్చినా బావిలోనో పూల్‌లోనో నేర్చుకున్న ఈత. ఎర్ర పసుపు జెండాలు పాతి ఉంటే ఆ రెండు జెండాల మధ్యే దిగాలి, లైఫ్‌గార్డ్ చూసేది ఆ మేరకే. చిన్న ఊళ్ళ బీచుల్లో చాలా రోజులు జెండాలే ఉండవు. బీచ్‌సేఫ్ అనే సైటులో బీచ్ పేరు కొడితే ఆరోజు లైఫ్‌గార్డ్ ఉన్నాడా, ఎంత ప్రమాదమో వస్తుంది. బే లోపలి బీచులు, అంటే హయమ్స్, బ్లెన్‌హైమ్, గ్రీన్‌ఫీల్డ్, గ్రీన్ ప్యాచ్ లాంటివి మామూలు రోజుల్లో నెమ్మదిగా ఉంటాయి. బే బయట సముద్రం వైపుండే కేవ్ బీచ్ చూడ్డానికి ఎంత అందంగా ఉన్నా అలలు, రిప్ కరెంట్లు ఉండే బీచ్, ఈత రానివాళ్ళు అక్కడ నీళ్ళలోకి దిగొద్దు.

రిప్ అంటే ఒడ్డుకొచ్చిన నీళ్ళు తిరిగి సముద్రంలోకి పోయే పాయ. అటూ ఇటూ తెల్లగా నురగలు కొడుతుంటే మధ్యలో నురగ లేకుండా ముదురు రంగులో నెమ్మదిగా కనిపించే చోటే అది, తెలియనివాళ్ళు అదే సేఫ్ అనుకుని అక్కడే దిగుతారు. అందులో పడితే ఒడ్డుకి ఎదురీదొద్దు, అలిసిపోతారు. వెల్లకిలా తేలుతూ చెయ్యెత్తి పిలవండి. ఒడ్డున ఉన్నవాళ్ళు కూడా కాపాడదామని చేతిలో తేలేది ఏమీ లేకుండా దూకకూడదు, ముందు ఎమర్జెన్సీ నంబర్ 000కి ఫోన్ కొట్టండి, బోర్డో ఐస్ బాక్సో ఏదో ఒకటి తేలేది విసరండి. చీరలో, జీన్స్‌లో మోకాలి లోతు దాటి వెళ్ళొద్దని పెద్దవాళ్ళకి ముందే చెప్పండి, తడిసిన బట్ట బరువు చాలా లాగుతుంది.

బ్లూబాటిల్ అని నీలం బుడగలా ఉండి కింద దారం వేలాడే జీవి కొన్నిసార్లు ఒడ్డుకి కొట్టుకొస్తుంది, ఇసుకలో చచ్చిపడున్నా కుడుతుంది. కుడితే సముద్రపు నీళ్ళతో కడిగి ఆ దారాలు తీసేసి, ఓర్చుకోగలిగినంత వేడి నీళ్ళలో ఇరవై నిమిషాలు ఉంచండి, వెనిగర్ పోయకండి. రాళ్ళ మధ్య గుంటల్లో నీలం రింగులున్న చిన్న ఆక్టోపస్ కనిపిస్తే చేత్తో తాకనివ్వకండి, అది ప్రాణం మీదకొచ్చే విషం. పొదల్లో నడిచి వచ్చాక పిల్లల చెవుల వెనక, జుట్టులో పిడుదులున్నాయేమో చూడండి, ఉంటే గిల్లి లాగకుండా ఫార్మసీలో దొరికే ఫ్రీజ్ చేసే స్ప్రే వాడండి.

రోజులు ఎలా గడపాలి

లిస్టు వేసుకుని పరిగెత్తకండి, రోజుకి ఒక్క చోటు చాలు. పొద్దున్న బీచ్, మధ్యాహ్నం భోజనం, నిద్ర, సాయంత్రం నడక. వేసవిలో డేలైట్ సేవింగ్ వల్ల రాత్రి ఎనిమిదింటిదాకా వెలుగుంటుంది, కాబట్టి ఎండ తగ్గాక ఐదింటికి బీచికి వెళ్ళినా బోలెడంత టైము.

ఒకరోజు పూర్తిగా బూడెరీ నేషనల్ పార్కుకి పెట్టండి. ఇది న్యూ సౌత్ వేల్స్‌లో లేదు, జెర్విస్ బే టెరిటరీలో ఉంది, కాన్‌బెర్రాకి సముద్రం వైపు ఒక రేవు ఉండాలని 1915లో ఈ ముక్కని కేంద్రం తీసుకుంది. అందుకే మీ దగ్గర న్యూ సౌత్ వేల్స్ పార్క్ పాస్ ఉన్నా ఇక్కడ చెల్లదు, విడిగా కారు పాస్ కొనాలి, బయల్దేరే ముందే ఆన్‌లైన్లో కొనేయండి. ఈ భూమి రెక్ బే ఆదివాసీ కమ్యూనిటీది, 1995లో వాళ్ళకి తిరిగి ఇచ్చారు, పార్కుని వాళ్ళూ ప్రభుత్వమూ కలిసి నడుపుతున్నారు. లోపల బొటానిక్ గార్డెన్‌లో నడక పెద్దవాళ్ళకి కూడా తేలిక, ఆ మొక్కల్ని వాళ్ళు తిండికి, మందుకి ఎలా వాడేవాళ్ళో బోర్డుల మీద చదువుతుంటే మా అమ్మ ప్రతి ఆకు దగ్గరా ఆగి మనూళ్ళో దీనికి సాటి ఏదో చెప్పింది. గ్రీన్ ప్యాచ్‌లో పిక్నిక్ పెట్టుకోండి, కూకబర్రాలు అనే పక్షులు చేతిలో ముక్క తన్నుకుపోతాయి, ప్లేటు మూసి ఉంచండి, వాటికి తిండి పెట్టకండి. చివర్లో మర్రేస్ బీచ్. ఎదురుగా కనిపించే బోవెన్ ఐలండ్‌లో చిన్న పెంగ్విన్లు ఉంటాయి. అక్కడ మీరు కారు పెట్టే పార్కింగ్ అసలు ఒక న్యూక్లియర్ పవర్ ప్లాంట్ కోసం చదును చేసిన స్థలం, 1971లో ఆ ఆలోచన మానుకున్నారు కాబట్టి ఈ బీచ్ ఇవాళ మనకి మిగిలింది.

ఇంకోరోజు గ్రీన్‌ఫీల్డ్ బీచ్ నుంచి హయమ్స్ దాకా వైట్ సాండ్స్ నడక. కారు గ్రీన్‌ఫీల్డ్ దగ్గర పెట్టి నడిస్తే హయమ్స్ పార్కింగ్ తలనొప్పి కూడా తప్పుతుంది. డాల్ఫిన్ బోట్ హస్కిసన్ నుంచి. కడుపులో తిప్పే అలవాటున్నవాళ్ళు పొద్దున ట్రిప్పు తీసుకోండి, గాలి సాధారణంగా మధ్యాహ్నం లేస్తుంది. ఎక్కువ నడవలేని పెద్దవాళ్ళుంటే హస్కిసన్‌లో జెర్విస్ బే మ్యారిటైమ్ మ్యూజియం పక్కన మడ అడవుల్లో చెక్క బాట ఉంది, చదునుగా ఉంటుంది.

పార్కుల్లో ఫ్రీ ఎలక్ట్రిక్ బార్బెక్యూలు ఉంటాయి, బటన్ నొక్కితే వేడెక్కుతుంది. వెజిటేరియన్లుంటే ముందువాళ్ళు దానిమీద ఏం కాల్చారో తెలీదు కాబట్టి దళసరి ఫాయిల్ పరిచి దానిమీద పనీరు, మొక్కజొన్న వేయండి. అయ్యాక తుడిచి వెళ్ళండి. చేపలు పట్టాలంటే ఫీజు కట్టి లైసెన్స్ తీసుకోవాలి, ఈ బే 1998 నుంచి మెరైన్ పార్కు కాబట్టి కొన్నిచోట్ల అసలు పట్టకూడదు, మ్యాప్ చూసుకుని గాలం వేయండి.

ఖాళీ చేసే రోజు

పదింటికి చెక్-అవుట్ అంటే పదింటికే, తర్వాతివాళ్ళ కోసం క్లీనింగ్ మనుషులు గేటు దగ్గరే ఉంటారు. కాబట్టి ముందు రాత్రే సగం సర్దేయండి. పొద్దున ఇడ్లీలు, దోశలు పెట్టుకోకుండా బ్రెడ్డుతో కానిచ్చేయండి. క్లీనింగ్ ఫీజు కట్టాం కదా అని గిన్నెలు వదిలేయకూడదు, గిన్నెలు కడిగి, ఫ్రిజ్ ఖాళీ చేసి, బార్బెక్యూ గీకి, చెత్త బయట డబ్బాలో వేయడం మన పనే. సింక్‌లో నూనె పోయకండి, డబ్బాలో పట్టి చెత్తలో వేయండి. కాళ్ళకున్న ఇసుక బయట పంపు దగ్గరే కడుక్కుని లోపలికెళ్ళి సూట్‌కేసులు తేవాలని పిల్లలకి చెప్పండి. మంచాల కింద, ఛార్జర్లు పెట్టిన ప్లగ్గులు, బాత్రూమ్ తలుపు వెనక, ఫ్రీజర్ ఒకసారి చూడండి, నాన్నగారి ఇన్సులిన్ ఫ్రిజ్ డోర్‌లో ఉండిపోతే నౌరా దాటాక గుర్తొస్తుంది.

మళ్ళీ ఇల్లంతా ఒక వీడియో తీసి, కిటికీలు వేసి, తాళం కీ సేఫ్‌లో పెట్టి నంబర్లు తిప్పేసి, తాళం పెట్టేశామని ఏజెంట్‌కి మెసేజ్ పెట్టండి. బాండ్ ఎప్పటికి తిరిగొస్తుందో మీ బుకింగ్ మెయిల్‌లో ఉంటుంది, ఆ తేదీకి ఫోన్లో రిమైండర్ పెట్టుకోండి, రాకపోతే ఆ రెండు వీడియోలు జతచేసి అడగండి.